ఐదు డాలర్ల గాలాల పెట్టె

మిషిగన్‌లోని నోవైలో మంచు పూర్తిగా కరిగి గడ్డి కోతలు మొదలయ్యాయంటే శనివారం పొద్దున్నలన్నీ గరాజ్ సేళ్ళవే. పిల్లవాడికి సైకిల్ దొరుకుతుందేమోనని ఆగారు. సైకిల్ లేదు. బల్ల కింద ఆకుపచ్చ రేకుపెట్టె ఒకటి కనిపించింది. మూత ఎత్తితే అరలు మెట్లుమెట్లుగా పైకి లేచాయి. వాటి నిండా రంగు పెచ్చులూడిన చెక్క చేపలు, ఎరుపు తెలుపు చారల రేకు చెంచాలు, గుడ్లు మిటకరించి చూస్తున్న కప్ప ఒకటి. అమ్మే పెద్దాయన ఐదు డాలర్లన్నాడు. ఎందుకిచ్చారో తెలియకుండానే ఇచ్చేశారు. ఆ పెట్టె ఇప్పుడు మీ గరాజ్‌లో స్నో బ్లోయర్ వెనకాల ఉంది. అవునా?

లేదా ఇల్లు కొన్నప్పుడు పాత యజమాని బేస్‌మెంట్‌లో వదిలేసి వెళ్ళినదైనా కావచ్చు. ఎలా వచ్చినా సరే, ఈ అధ్యాయం ఆ పెట్టె గురించే.

‘పాత ఒక రోత, కొత్త ఒక వింత’ అన్న సామెత గాలం వేసేవాళ్ళ విషయంలో అక్షరాలా నిజం. చేప పడలేదా? కొత్త లూర్, అంటే బొమ్మ ఎర, కొందాం. అదీ పట్టలేదా? ఇంకొకటి. రెండు వేసవులు తిరిగేసరికి గరాజ్‌లో మూడు పెట్టెలు పోగవుతాయి, ఫోన్‌లో మాత్రం ఒక్క చేప ఫొటో ఉండదు. ఒక్క సంగతి ఆలోచించండి. బాస్ చేప ఆయుష్షు పది, పదిహేనేళ్ళు. మీ పెట్టెలోని చెంచాకు 1950ల్లో మోసపోయిన చేపలేవీ ఇప్పుడు లేవు. వాటి మునిమనవలకు ఆ సంగతి చెప్పేవాళ్ళూ లేరు. అలాంటప్పుడు ఆ లూర్ ఎలా పాతబడుతుంది?

పాత లూర్ పనిచేయకపోవడానికి నాకు తెలిసి కారణాలు మూడే: తుప్పు పట్టిన గాలం, నాసిరకం దారం, మీరు లాగే వేగం. మొదటి రెండింటినీ ఒక సాయంత్రంలో సరిచేయవచ్చు. మూడోదానికి ఒక వేసవి పడుతుంది.

వానపాము, పిండిముద్ద, రొయ్య నిజం ఎరలు. నీళ్ళలో వేసి కూర్చుంటే వాటి వాసనే పని కానిస్తుంది. బొమ్మ ఎరకు వాసన లేదు, రుచి లేదు. దానికి ప్రాణం పోయాల్సింది మీ చెయ్యి. కాలవ గట్టున వెదురుగడకు బెండు కట్టి పెరిగినవాళ్ళకు ఈ తేడా ఒక పట్టాన మింగుడుపడదు. నాకూ పడలేదు. ఇక్కడి మొదటి వేసవిలో లూర్‌ను నీళ్ళలోకి వదిలి, ఎప్పుడు దారం కదులుతుందా అని గంటలకొద్దీ కూర్చున్నాను. చేపలు నన్ను చూసి ఏమనుకున్నాయో!

సరే, పెట్టె బయటికి తీయండి.

1. పెట్టెను పూర్తిగా బోర్లించండి

ఇండియన్ గ్రాసరీ షాపు ప్రకటనల కాగితాలు పరిచి, చేతులకు గ్లవ్స్ వేసుకుని, ఒక్కొక్క లూర్‌నే విడదీయండి. మూడేసి ముళ్ళున్న గాలాలు ఒకదానికొకటి పెనవేసుకుని ఉంటాయి. గుంజారో, మీ వేలే మొదటి చేప అవుతుంది.

మెత్తటి రబ్బరు పురుగులు, బల్లులు ఉంటే ముందు వాటిని వేరు చేయండి. వాటిలోని రసాయనం పక్కనున్న గట్టి ప్లాస్టిక్‌ను, రంగును కరిగించేస్తుంది. పాత పెట్టెల్లో మంచి లూర్ల పొట్టలు జిగటగా, కాలినట్టు కనిపించేది ఇందుకే. ఆ రబ్బరు సరుకు చెత్తబుట్టలోకి పోవాలి, చెరువులోకి కాదు. పాత నైలాన్ దారం కూడా అంతే. చూడడానికి బాగానే ఉంటుంది, చేప పడ్డ క్షణంలో పుటుక్కుమంటుంది.

ఇంకొక జాగ్రత్త. పాత రంగుల్లో సీసం ఉండవచ్చు. అమెరికాలో ఇళ్ళకు వేసే రంగుల్లో సీసాన్ని నిషేధించిందే 1978లో. కాబట్టి పొడిగా గరుకు కాగితం పెట్టి రుద్దకండి, చిన్నపిల్లల చేతికి ఇవ్వకండి, పని అయ్యాక చేతులు సబ్బుతో కడుక్కోండి. పెట్టె అడుగున దొర్లే చిన్న చిన్న సీసపు గుళ్ళను పళ్ళతో నొక్కే అలవాటు మనలో చాలామందికి ఉంది. మానేయండి.

2. వాడేదా, దాచేదా? ముందే తేల్చుకోండి

ఒక మిత్రుడు ఇలాంటి పెట్టెలోనే దొరికిన చెక్క చేపను శుభ్రంగా గీకి, ఇద్దరు పిల్లలతో కూర్చుని మెరిసే నీలం రంగు వేశాడు. అది ఎంత పాతదో తరవాత తెలిసింది. సేకరించేవాళ్ళు అసలు రంగుకే విలువ కడతారు, అది సగం ఊడిపోయినా సరే. గీకిన రోజే దాని ధర పోయింది.

చెక్క ఒళ్ళు, గాజు కళ్ళు, అసలు అట్టపెట్టె: ఈ మూడింట్లో రెండున్నా చెయ్యి ఆపండి. కడగొద్దు, రంగు వేయొద్దు, గాలం మార్చొద్దు. 1976 నుంచి నడుస్తున్న జాతీయ లూర్ సేకర్తల క్లబ్బు ఒకటి ఈ దేశంలో ఉంది, అలాంటివాళ్ళకు చూపించండి. అలాగని ఆశలు మరీ పెంచుకోకండి. ఒహాయోలో రైలీ హాస్కెల్ 1859లో పేటెంట్ పొందిన రాగి చేపల్లో పెద్దదొకటి 2003 వేలంలో 1,01,200 డాలర్లు పలికింది, నిజమే. అలాంటిది మీ ఐదు డాలర్ల పెట్టెలో ఉండదు. ఉండేవి కోట్లకొద్దీ తయారైన మామూలు లూర్లు. వాటి చోటు నీళ్ళలోనే.

3. ఎవరెవరున్నారో పేరు పెట్టి పలకరించండి

మిషిగన్‌లో ఈ పని కాస్త సరదాగా ఉంటుంది. ఎందుకంటే పెట్టెలో సగంమంది ఇక్కడివాళ్ళే.

పొట్ట మీద ‘హెడన్’ అన్న పేరు ఉందా? మన రాష్ట్రపు నైరుతి మూలన డొవాజాక్ అనే చిన్న ఊరుంది, నోవై నుంచి రెండున్నర గంటల దూరం. అక్కడ తేనెటీగలు పెంచుకునే జేమ్స్ హెడన్ 1890ల్లో చెక్కతో ఒక కప్పను చెక్కాడు. మిల్లు చెరువు గట్టున కూర్చుని పుల్ల చెక్కుతూ, దాన్ని ఊరికే నీళ్ళలోకి విసిరితే బాస్ ఎగిరి కొట్టిందనీ, ఆలోచన అక్కడే పుట్టిందనీ కథ. కథ ఎంత నిజమో గానీ దాని నుంచి లేచిన ఫ్యాక్టరీ నిజం. ఆ పాత ఫ్యాక్టరీ భవనంలోనే ఇప్పుడు హెడన్ మ్యూజియం ఉంది.

కప్ప అనగానే మీకేం గుర్తొచ్చింది? మన ఊళ్ళలో కొర్రమీనుకు వేసే ఎర అదే కదా! కప్పను గాలానికి గుచ్చి, తూటికాడల మధ్య నీళ్ళ మీద టపటప ఎగిరిస్తారు. నాచులో నక్కిన కొర్రమీను ఒక్క ఊపున వచ్చి అందుకుంటుంది. ఇక్కడి లార్జ్‌మౌత్ బాస్ గుణం కూడా అదే. నాచు అంచున మాటు వేస్తుంది, పైనుంచి ఏది పోయినా నోరు తెరుస్తుంది. అంటే మీకు ఈ విద్యలో సగం పుట్టుకతోనే వచ్చు. (2016లో తెలంగాణ రాష్ట్ర చేప అయిన ఆ కొర్రమీను జాతిని ప్రాణంతో అమెరికాలోకి తేవడం మాత్రం 2002 నుంచి నిషేధం. ఆ సరదా ఊరికి వెళ్ళినప్పుడే.)

ఎరుపు మీద తెలుపు చార పోతున్న బరువైన రేకు చెంచా ఉంటే అది దాదాపు డార్డెవిలే. డెట్రాయిట్ మనిషి లూ ఎపింజర్ 1906 ప్రాంతంలో మొదలుపెట్టాడు. అప్పటి పేరు ఆస్ప్రే. మొదటి ప్రపంచ యుద్ధంలో అమెరికా మెరీన్ సైనికులకు ‘డెవిల్ డాగ్స్’ అన్న ముద్దుపేరు వచ్చింది. దాన్ని బట్టి చెంచాకు కొత్త పేరు పెట్టాడు. చర్చికి పోయే జనం దెయ్యం పేరేంటని నొచ్చుకోకుండా అక్షరాలు కాస్త మార్చి రాశాడు. తరవాత ఆ పని డియర్‌బోర్న్‌కు మారింది. మీలో ఎందరో రోజూ ఉద్యోగానికి పోయే డియర్‌బోర్నే!

అరటిపండులా వంగి, పొట్ట కింద చిన్న చిన్న గాలాలు వేలాడుతుంటే అది ఫ్లాట్‌ఫిష్. డెట్రాయిట్‌లోనే చార్ల్స్ హెలిన్ 1930ల్లో తయారుచేశాడు. చూడడానికి ఏ చేపలాగా ఉండదు. నాకు అన్నిటికన్నా ఇష్టమైనది అదే.

మూతికి అడ్డంగా వెడల్పాటి రేకు మూకుడు తగిలించి ఉంటే జిటర్‌బగ్, ఒహాయోలోని ఆక్రన్ ఊళ్ళో ఫ్రెడ్ ఆర్బొగాస్ట్ చేసింది. ఆ మూకుడు రేకుది కాకుండా ప్లాస్టిక్‌ది అయితే రెండో ప్రపంచ యుద్ధంలో లోహం కరువైన రోజులదై ఉండవచ్చు, పక్కన పెట్టండి. సన్నగా, తేలికగా, చేప పిల్లలా ఉన్నది రపాలా. ఫిన్లాండ్ మత్స్యకారుడు లౌరీ రపాలా 1936లో మొదటిదాన్ని బెండుతో చెక్కి, చాక్లెట్ చుట్టిన రేకు కాగితం అంటించి మెరుపు తెచ్చాడు.

4. గాలం మార్చండి. ఇది వాయిదా వేసే పని కాదు

గాలం మొనను గోటి మీద మెల్లగా ఆనించి జరపండి. జారితే మొండిది. గుచ్చుకుని ఆగితే పదునుంది. తుప్పు రంగు దాటి లోపలికి తిని ఉంటే ఇక చూడక్కర్లేదు, తీసేయండి.

ఇక్కడ అందరూ చేసే పొరపాటు: ‘ఇంకాస్త పెద్దది వేస్తే చేప తప్పించుకోదు’ అని పెద్ద గాలం తగిలించడం. లూర్ బరువు మారితే దాని నడక మారుతుంది. తేలాల్సింది మునుగుతుంది, ఊగాల్సింది కర్రలా వస్తుంది. పాత గాలాన్ని షాపుకు పట్టుకెళ్ళి అదే సైజు, అదే లావు తెచ్చుకోండి. చిన్న రింగులు కూడా తుప్పు పట్టి ఉంటే కలిపి మార్చండి. చెక్క లూర్లయితే గాలం బిగించిన మరను పటకారుతో పట్టి గట్టిగా లాగి చూడండి. చెక్క లోపల కుళ్ళి ఉంటే మర ఊడి వస్తుంది. ఇంట్లో ఊడడం మేలు, నీళ్ళలో చేప నోట్లో ఊడితే ఆ గాలం దానికి శిక్ష.

పిల్లల్ని తీసుకెళ్తుంటే మొన దగ్గరుండే ఎదురుముల్లును పటకారుతో నొక్కేయండి. చేప నోట్లోంచైనా, పిల్లవాడి చొక్కాలోంచైనా సులువుగా వస్తుంది.

5. వంటింట్లో చింతపండు ఉందిగా

డార్డెవిల్ లాంటి చెంచాల వెనకవైపు కొన్నిటికి రాగిది, కొన్నిటికి ఇత్తడిది. పూజ సామాను ఎలా తోముతారో అలాగే: నానిన చింతపండు, చిటికెడు ఉప్పు, రెండు నిమిషాలు. నీళ్ళలో ఎండ తగిలితే ఆ తళుక్కే చేపను పిలుస్తుంది. తోమేముందు గాలం తీసేయండి, రంగు వేసిన వైపు జోలికి వెళ్ళకండి. వెండిలా తెల్లగా మెరిసే వాటికి నికెల్ పూత ఉంటుంది, మెత్తటి గుడ్డ చాలు. చెక్క లూర్లను నానబెట్టనే వద్దు. పగుళ్ళుంటే తుడిచి, ఆరబెట్టి, రంగులేని నెయిల్ పాలిష్ రెండు పూతలు వేయండి. సీసా ఎవరిదో వాళ్ళను అడిగే తీసుకోండి.

6. బాత్‌టబ్‌లో పరీక్ష

ఇంట్లోవాళ్ళు నవ్వుతారు. నవ్వనివ్వండి. టబ్ నింపి, రెండు మూరల దారం కట్టి, ఈ కొస నుంచి ఆ కొసకు లాగండి. నిటారుగా వస్తోందా, పక్కకు పోతోందా, పడుకుని వస్తోందా? చెరువులో ఇరవై గజాల దూరాన ఏం జరుగుతుందో మీకు కనపడదు, ఇక్కడ కనపడుతుంది. రపాలా లాంటిది కుడికి పోతుంటే, దారం కట్టే చిన్న కన్నాన్ని పటకారుతో వెంట్రుకవాసి ఎడమకు వంచండి. మళ్ళీ లాగి చూడండి. ఒకేసారి గట్టిగా వంచితే కన్నం ఊడుతుంది.

అన్నట్టు, ముడి. లూర్ ముక్కుకు బిగదీసి కడితే దాని ఆట చస్తుంది. చిన్న ఉచ్చులాగా వదులు ముడి వేయండి, లేదా చిన్న స్నాప్ తగిలించండి. చెంచాకైతే మెలి పడకుండా స్వివెల్ కూడా కావాలి.

7. ఇక వేగం

వాల్డ్ లేక్ ఒడ్డున ఒక సాయంత్రం ఫ్లాట్‌ఫిష్ విసురుతున్నాను. విసరడం, బావిలోంచి చేద తోడినట్టు గిరగిరా రీల్ తిప్పడం. పక్కన మడత కుర్చీలో కూర్చున్న తెల్ల పెద్దాయన చాలాసేపు చూసి, “ఏం బాబూ, మీటింగుకు టైమవుతోందా?” అన్నాడు. నవ్వి, నా చేతిలో రాడ్ తీసుకుని, రెండు సెకన్లకు ఒక్క చుట్టు చొప్పున తిప్పాడు. రాడ్ కొస గజగజ వణకడం మొదలైంది. నీళ్ళలో ఆ అరటిపండు నడుము తిప్పుకుంటూ వస్తోంది. నేను లాగినప్పుడు అది ఒక పక్కకు దొర్లి కట్టెలా వచ్చేదన్నమాట. ఆ కొస వణుకే నాకు దొరికిన పాఠం: లూర్ బతికే ఉందో లేదో కంటితో కాదు, చేతితో తెలుసుకోవాలి.

ఒక్కొక్కదానికి ఒక్కొక్క నడక. ఫ్లాట్‌ఫిష్ అన్నిటికన్నా నిదానం. డార్డెవిల్‌ను విసిరి, కాస్త మునగనిచ్చి, అటూ ఇటూ ఊగేంత వేగంతో లాగుతూ, మధ్యలో ఒక్క క్షణం ఆపండి. ఆగినప్పుడు రాలే ఆకులా అల్లాడుతూ దిగుతుంది. పైక్ చేప చాలాసార్లు కొట్టేది సరిగ్గా అప్పుడే. రపాలాకు చిన్న కుదుపు, చిన్న విరామం. గాయపడ్డ చేప పిల్ల ఎలా ఈదుతుందో గుర్తుచేసుకోండి. జిటర్‌బగ్ జూన్, జులై సాయంత్రాలది. గాలి ఆగి, నీళ్ళు అద్దంలా ఉన్నప్పుడు కవ్వంతో మజ్జిగ చిలికినట్టు బుడుంగు బుడుంగున సమానంగా రావాలి. ఆ చప్పుడు తప్పిందంటే మీరు తొందరపడుతున్నారని. చేప పైకి ఎగిరి కొట్టగానే అదిరిపడి రాడ్ లాగేయకండి, బరువు చేతికి తెలిశాకే లాగండి. ఇది చెప్పడం తేలిక. నేను ఇప్పటికీ తప్పుతాను.

ఇంకొక మాట. ఏప్రిల్‌లో మంచు కరిగిన కొత్తల్లో నీళ్ళు చల్లగా ఉంటాయి, చేపలు మందకొడిగా ఉంటాయి. మీరు నిదానం అనుకున్న దానిలో సగం వేగమే అప్పటికి సరైనది.

8. ఒక సాయంత్రానికి ఒకటే లూర్

పెట్టె ఇంట్లో పెట్టండి. జేబులో ఒక్క లూర్, ఒక పటకారు, కొంచెం దారం. అంతే. పది విసుర్లకు చేప పడలేదని మార్చేద్దామంటే మార్చడానికి ఇంకోటి ఉండకూడదు. అప్పుడేం చేస్తారు? వేగం మారుస్తారు, లోతు మారుస్తారు, నాచు అంచుకు దగ్గరగా వేస్తారు. నేర్చుకోవడమంటే అదే కదా! నాలుగు వారాల్లో నాలుగు లూర్ల నడక మీ చేతికి వస్తుంది. ‘నాచులో చిక్కి పోతే?’ అంటారా. పోవచ్చు. అందుకే విలువైనవి దాచేయమన్నది. మామూలుది పోతే ఐదు డాలర్లలో ముప్ఫయ్యో వంతు పోయినట్టు.

ఎక్కడికి వెళ్ళాలి? నోవైలోనే వాల్డ్ లేక్ ఒడ్డున లేక్‌షోర్ పార్క్, పెవిలియన్ షోర్ పార్క్ ఉన్నాయి. ఐ-96 మీద పడమరకు పోతే కెన్సింగ్టన్ మెట్రోపార్క్, అందులో కెంట్ లేక్. సబ్‌డివిజన్ల మధ్య కుంటలు చాలావరకు అసోసియేషన్లవి, అడగకుండా దిగకండి. పదిహేడేళ్ళు నిండిన ప్రతి ఒక్కరికీ లైసెన్స్ కావాలి. ‘పట్టి వదిలేస్తాను కదా’ అన్నా కావాలి. పైక్‌కు మన వాలుగలా నోటినిండా పళ్ళుంటాయి, దారానికి ముందు జానెడు స్టీలు తీగ వేసుకోండి.

పట్టింది వండుకోవచ్చా అని మీరు అడగబోతున్నారని తెలుసు. పులుసు ఆలోచన కాస్త ఆపండి. పీఫాస్ అనే రసాయనాల వల్ల 2018 ఆగస్టులో కెంట్ లేక్, హ్యూరాన్ నది చేపలు తినొద్దని రాష్ట్రం హెచ్చరించింది. ఏ నీళ్ళలో ఏ చేప ఎంత తినవచ్చో చెప్పే ‘ఈట్ సేఫ్ ఫిష్’ పట్టికలు రాష్ట్ర ఆరోగ్య శాఖ ఇస్తుంది, సవరిస్తూ కూడా ఉంటుంది. ఏ చెరువుకు వెళ్ళినా ముందు అది చూడండి. శనివారం టాఫ్ట్ రోడ్డు గుడికి వెళ్ళి నీచు ముట్టని మిత్రులు నాతో ఆదివారం చెరువుకు వస్తారు, పట్టి వదిలేస్తారు. వాళ్ళకు ఈ బెంగే లేదు. చెయ్యి తడుపుకుని చేపను పట్టుకోవడం, నీళ్ళ దగ్గరే గాలం తీసి వదలడం వాళ్ళకు బాగా వచ్చు.

బాస్‌ను పట్టి వెంటనే వదిలేసేటట్టయితే మిషిగన్‌లో ఏడాది పొడవునా గాలం వేయవచ్చు. పైక్, వాలై చేపల సీజన్ మన దిగువ మిషిగన్‌లో ఏప్రిల్ ఆఖరి శనివారం తెరుచుకుంటుంది. స్నో బ్లోయర్‌ను వెనక్కి నెట్టే రోజునే ఆ పెట్టెను ముందుకు లాగండి. గాలాలు మార్చడానికి ఒక్క సాయంత్రం చాలు.